ఎక్స్‌రేకు చిక్కని పగులు: పరుగు తీసేవారి ఎముకల్లో స్ట్రెస్ ఫ్రాక్చర్

ఎముక విరిగిందన్న మాట వినగానే మనసులో మెదిలే దృశ్యం దాదాపు అందరికీ ఒకటే. ఎవరో బండి మీంచి పడతారు, ఎముక టక్కుమంటుంది, కాలు వంకర తిరుగుతుంది, నలుగురూ కలిసి మనిషిని ఎత్తి ఆటోలో కూర్చోబెడతారు. పుత్తూరు కట్టుకు తీసుకెళ్లాలా, పట్నంలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలా అన్నది ఆ తర్వాతి చర్చ. విరిగిన కాలితో మనిషి నడవలేడన్నది మాత్రం చర్చ అక్కర్లేని సంగతిగా చలామణి అవుతుంది. స్ట్రెస్ ఫ్రాక్చర్ ఈ ఊహల్లో ఒక్కదానికీ సరిపోదు. ఇందులో పడటం ఉండదు, చప్పుడు ఉండదు, వంకర ఉండదు. పగిలిన ఎముకతోనే మనిషి ఆఫీసుకు వెళతాడు, మెట్లెక్కుతాడు, చాలా సందర్భాల్లో మరో రెండు మూడు వారాలు పరిగెత్తుతాడు కూడా. పేరులో ఉన్న స్ట్రెస్‌కు మానసిక ఒత్తిడితో సంబంధం లేదు. ఒక్కసారి పడితే ఎముకను ఏమీ చేయలేని భారం వేలసార్లు పడి, మధ్యలో కోలుకునే వ్యవధి దొరకనప్పుడు ఏర్పడే పగులు ఇది. దూరపు పరుగు అలవాటున్నవారిలో ఇది అరుదేమీ కాదు. అయినా డాక్టరుకు తొలిసారి చూపించుకున్నప్పుడే దీనికి సరైన పేరు పడటం మాత్రం అంత మామూలు విషయం కాదు. మంచి స్కానింగులు అందుబాటులో లేకపోవడం అందుకు ఒక కారణమే గానీ, అంతకంటే పెద్ద కారణం మరొకటి ఉంది. ఏ పరీక్ష ఏ దశలో ఏం చూపగలదో, ఏం చూపలేదో పట్టించుకోకుండా దాని జవాబును తుది తీర్పుగా తీసుకోవడమే ఆ కారణం.

ఈ గాయం వైద్య సాహిత్యంలోకి ఎక్కిందే తప్పు నిర్ధారణతో. 1855లో ప్రష్యా సైన్యంలో వైద్యుడైన బ్రైట్‌హౌప్ట్, దూర కవాతుల తర్వాత సైనికుల పాదాలు వాచి నొప్పి పెట్టడాన్ని వర్ణించాడు. కండరాలను ఎముకకు కలిపే స్నాయువుల తొడుగులు వాచాయని ఆయన భావించాడు. ఎముక లోపలికి చూసే సాధనం లేని రోజులవి కాబట్టి ఆయనను తప్పుపట్టలేం. రాంట్‌జెన్ 1895లో ఎక్స్ కిరణాలను కనుగొన్న రెండేళ్లకే, అలాంటి పాదాలను ఎక్స్‌రే తీసి చూస్తే వాపు వెనక ఉన్నది మెటాటార్సల్ ఎముకల, అంటే పాదం మధ్య నుంచి వేళ్ల దాకా సాగే పొడవాటి ఎముకల పగులని తేలింది. దానికి మార్చ్ ఫ్రాక్చర్, అంటే కవాతు పగులు అన్న పేరు స్థిరపడి, చాలాకాలం అది సైనికుల బాధగానే ఉండిపోయింది. క్రీడాకారుల సంగతి వైద్యుల దృష్టికి బాగా వచ్చింది 1950ల్లో. ఇంగ్లండుకు చెందిన ఎముకల వైద్యుడు మైఖేల్ డెవాస్ 1958లో ప్రచురించిన వ్యాసంలో, ముంగాలి నొప్పి అని అందరూ తేలిగ్గా తీసుకునే బాధ వెనక టిబియా పగులు ఉండవచ్చని చూపాడు. టిబియా అంటే మోకాలి కింద నుంచి చీలమండ దాకా ముందువైపు చేతికి తగిలే పెద్ద ఎముక. పరుగు తీసేవారిలో అన్నిటికంటే ఎక్కువగా పగిలేది అదే. డెవాస్ వ్యాసం వచ్చి ఆరున్నర దశాబ్దాలు దాటినా ముంగాలి నొప్పిని తేలిగ్గా తీసుకోవడం పెద్దగా తగ్గలేదు.

ఈ పగులు ఎలా పుడుతుందో చెప్పడానికి ఇనుప తీగ ఉపమానం వాడటం పరిపాటి. తీగను ఒకసారి వంచితే ఏమీ కాదు, అటూ ఇటూ పదే పదే వంచితే చేతిలో రెండు ముక్కలవుతుంది. ఉపమానం సగం వరకే సరి. తీగ తనను తాను బాగుచేసుకోదు, ఎముక చేసుకుంటుంది. అసలు ప్రమాదం ఆ మరమ్మతులోనే దాగి ఉంటుంది. కొత్త భారం పడిన చోట ఎముకను మరింత గట్టిగా కట్టాలంటే, శరీరం ముందు అక్కడి పాత ఎముకను తొలగించాలి. తొలిచే కణాలు రెండు మూడు వారాల్లో తమ పని ముగిస్తాయి. ఆ ఖాళీలో కొత్త ఎముకను నింపి, దానికి ఖనిజాలు పట్టించి గట్టిపరచడానికి కట్టే కణాలకు మూడు నెలల దాకా పడుతుంది. పైపులైను కోసం రోడ్డు తవ్వినవాళ్లు ఒక్క రాత్రిలో తవ్వేసి, పూడ్చడానికి నెలలు తీసుకోవడం నగరవాసులకు తెలిసిన వ్యవహారమే. ఆ తవ్విన రోడ్డు మీదనే లారీలు నడిపితే ఏమవుతుందో, కొత్తగా పరుగు మొదలుపెట్టిన మూడో వారం నుంచి ఎముకలో జరిగేదీ అలాంటిదే. కాబట్టి ఎముక అత్యంత బలహీనంగా ఉండేది శిక్షణ మొదలైన రోజున కాదు. కొన్ని వారాలు గడిచి, ఊపిరి కుదిరి, కండరాలు అలవాటుపడి, మనిషికి తాను బలపడ్డానన్న నమ్మకం కుదిరి, దూరం పెంచే సమయానికి ఎముక తన బలహీన దశలో ఉంటుంది.

సంఖ్యలు చూస్తే భారం ఏపాటిదో అర్థమవుతుంది. కిలోమీటరును ఆరు నిమిషాల్లో పరిగెత్తేవారు సుమారు వెయ్యి అడుగులు వేస్తారు, అంటే ఒక్కో కాలు అయిదు వందల సార్లు నేలను తాకుతుంది. తాకిన ప్రతిసారీ నేల నుంచి శరీర బరువుకు రెండు మూడు రెట్ల తాకిడి వస్తుంది. పిక్క కండరాల లాగుడు కూడా కలిస్తే టిబియా మీద పడే ఒత్తిడి అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ పూర్తిచేసేవారి ఒక్కో కాలి మీద ఆ పూటే పదివేలకు పైగా దెబ్బలు పడతాయన్నమాట. ఏళ్ల తరబడి సాధన ఉన్న కాలికి అది పెద్ద లెక్కలోకి రాదు. ఆరు వారాల కిందటి వరకు కుర్చీలో కూర్చున్న కాలికి మాత్రం అది పెద్ద లెక్కే.

తెలుగు రాష్ట్రాల్లో ఈ గాయం పుట్టడానికి అన్నివిధాలా అనువైన చోటు ఒకటుంది. కానిస్టేబుల్, ఎస్సై ఉద్యోగాలకు ప్రిలిమ్స్ గట్టెక్కిన అభ్యర్థులు దేహదారుఢ్య పరీక్షలకు, వాళ్ల మాటల్లో ఈవెంట్స్‌కు, సిద్ధమయ్యే మైదానం అది. మగవారికి 1600 మీటర్ల పరుగు ఉంటుంది. అగ్నివీర్ ర్యాలీకి వెళ్లేవారికీ దాదాపు అదే దూరం, ఇంకా కఠినమైన సమయం. అప్పటిదాకా పుస్తకాల ముందు కూర్చున్న అభ్యర్థి ఫలితాలు రాగానే తెల్లవారుజామున గ్రౌండులో దిగుతాడు. గ్రౌండు దొరకనివాళ్లు బైపాస్ రోడ్డు తారు మీద, కొందరు అరిగిపోయిన బూట్లతో, కొందరు ఒట్టి కాళ్లతో పరిగెత్తుతారు. మూడు నాలుగు వారాలకు ముంగాలిలో సలుపు మొదలవుతుంది. పక్కన పరిగెత్తేవాడు కండరం పట్టేసిందంటాడు, సీనియర్ నరం లాగిందంటాడు, రూమ్మేటు నొప్పి స్ప్రే కొడతాడు. పరీక్ష తేదీ దగ్గరపడుతుంటే ఆగడానికి ఎవరికీ మనసొప్పదు. మాత్ర వేసుకుంటే నొప్పి తగ్గుతుంది, నొప్పి తగ్గిందని మరో రౌండు వేస్తారు. అలా హెచ్చరిక నోరు నొక్కేశాక పగులు లోతుకు దిగుతుంది. సైనిక శిక్షణలో ఈ సంగతిని లెక్కలతో సహా గమనించిన దేశాల్లో ఇజ్రాయెల్ ఒకటి. అక్కడ 295 మంది కొత్త సైనికులను శిక్షణ పొడవునా పరిశీలించి 1985లో ప్రచురించిన అధ్యయనంలో 31 శాతం మందికి స్ట్రెస్ ఫ్రాక్చర్లు కనిపించాయి. అందులో మరో విచిత్రం కూడా బయటపడింది. టిబియా పగుళ్లలో నొప్పి లేనివి 8 శాతమే ఉండగా, తొడ ఎముక పగుళ్లలో 69 శాతం నొప్పి తెలియనివే. నొప్పినే ఆధారంగా పెట్టుకుంటే తొడ ఎముక ఎంతగా మోసం చేయగలదో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

నిర్ధారణలో మొదటి తడబాటు పేర్లతోనే మొదలవుతుంది. పరుగు తీసేవారిలో ముంగాలి నొప్పికి షిన్ స్ప్లింట్స్ అన్న పేరు బాగా వాడుకలో ఉంది. టిబియా లోపలి అంచు పొడవునా, అక్కడ అతుక్కునే కండరాలు, పైపొర నలిగి వచ్చే బాధ అది. దానికీ పగులుకూ తేడా చెప్పే లక్షణాలు పుస్తకంలో స్పష్టంగానే ఉంటాయి. షిన్ స్ప్లింట్స్ నొప్పి అయిదు సెంటీమీటర్లకు తక్కువ కాకుండా జానెడు దాకా పరుచుకుని ఉంటుంది, ఒళ్లు వేడెక్కాక తగ్గినట్టనిపిస్తుంది. పగులు నొప్పి ఒక్కచోట గుచ్చినట్టుంటుంది, పరిగెత్తే కొద్దీ పెరుగుతుంది, ముదిరాక రాత్రి పడుకున్నా సలుపుతుంది. ఎక్కడ నొప్పి అని అడిగితే అరచేతితో కాలంతా తడిమి చూపే రోగికీ, ఒక్క వేలు కచ్చితంగా ఒక్కచోటే ఆనించి, ఆనించగానే ముఖం చిట్లించే రోగికీ ఉన్న తేడాను అనుభవం ఉన్న వైద్యుడు ఇట్టే పట్టుకుంటాడు. చిక్కల్లా ఆచరణలో రెండూ ఒకే కాలిలో కలిసి ఉండగలగడమే. పైగా తొలి దశలో పగులు నొప్పి కూడా పరుచుకున్నట్టే అనిపించవచ్చు. మూడో అనుమానితుడు కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. పరుగులో కండరాలు ఉబ్బి, వాటిని చుట్టి ఉన్న గట్టి పొర సాగక, పిక్క రాయిలా బిగుసుకుపోవడం దీని లక్షణం. ప్రతిసారీ దాదాపు ఒకే దూరం దగ్గర మొదలై, ఆగిన కొద్ది నిమిషాలకే పోవడం దీని ఆనవాలు. ఎముక నొప్పి అంత మర్యాదగా వెళ్లిపోదు.

చేత్తో చేసే పరీక్షలకు కొంత విలువుంది, అతిగా నమ్మితే ముప్పూ ఉంది. ఒంటికాలి మీద గెంతించి చూడటం అందులో ఒకటి. పగులు ఉన్నవారిలో చాలామంది నొప్పితో గెంతలేరన్నది నిజమే గానీ, షిన్ స్ప్లింట్స్ ముదిరినవాళ్లూ గెంతలేరు. 128 హెర్ట్జ్ శృతిదండాన్ని మోగించి ఎముక మీద ఆనించి, ఆ కంపనానికి నొప్పి పుడుతుందేమో చూసే పద్ధతి చాలా పాతది. ఖర్చు లేదు కాబట్టి ప్రచారంలో ఉంది గానీ, దాని మాట మీద ఆధారపడి ఒకరిని పరుగుకు పంపడమూ, ఆపేయడమూ రెండూ సాహసమే. తొడ ఎముక కండరాల కింద లోతుగా ఉంటుంది కాబట్టి వేలితో నొక్కి తెలుసుకునే వీలుండదు. రోగిని బల్ల అంచున కూర్చోబెట్టి, వైద్యుడు తన ముంజేతిని తొడ కింద ఆనుగా పెట్టి, రెండో చేత్తో మోకాలిని కిందికి నొక్కుతాడు. ముంజేయి కింద పగులు ఉంటే రోగి ఉలిక్కిపడతాడు. ముంజేతిని మోకాలి నుంచి తొడ మొదలు దాకా కొంచెం కొంచెంగా జరుపుతూ ఇలా చూడటానికి అయిదు నిమిషాలు చాలు. రద్దీగా ఉండే ఓపీలో ఆ అయిదు నిమిషాలు దొరకడమే కష్టం.

ఆ అయిదు నిమిషాల బదులు రోగి చేతికి ఎక్స్‌రే చీటీ వస్తుంది. ఎక్కువమంది కథ దారి తప్పేది ఇక్కడే. మొదటి రోజుల్లో తీసిన ఎక్స్‌రే స్ట్రెస్ ఫ్రాక్చర్‌ను పట్టుకునే అవకాశం చాలా తక్కువ. వేర్వేరు అధ్యయనాలను కలిపి చూస్తే మూడింట ఒక వంతుకు మించదు, కొన్ని ఎముకల్లో ఇంకా తక్కువ. కారణం సులభంగానే అర్థమవుతుంది. ఎముక ముక్కలు పక్కకు జరగలేదు కాబట్టి నీడలో సందు కనిపించదు, పగులు వెంట్రుకంత సన్నం కాబట్టి కిరణాలకు అందదు. అసలు ఈ గాయంలో ఎక్స్‌రే చూపేది చాలావరకు పగులును కాదు, అది మానుతున్నప్పుడు చుట్టూ పేరుకునే కొత్త ఎముకను. ఆ కొత్త ఎముక కనిపించేంతగా పేరుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, కొందరిలో ఎప్పటికీ కనిపించదు. కాబట్టి నొప్పి మొదలైన అయిదో రోజున తీసిన ఫిల్మ్ చూసి "ఎక్స్‌రే నార్మల్" అని రాసిన రిపోర్టు అబద్ధం కాదు. ఎక్స్‌రే నార్మలే. ఆ మాట డాక్టరు గది నుంచి మైదానానికి చేరేలోపు "ఎముకకు ఏమీ కాలేదు" అని మారిపోతుంది. ఆ మార్పు రోగి నోట జరగవచ్చు, కోచ్ నోట జరగవచ్చు, కొన్నిసార్లు డాక్టరు నోటే జరగవచ్చు. నార్మల్ ఫిల్మ్ పట్టుకుని తిరిగి గ్రౌండుకు వెళ్లిన అభ్యర్థి, ఫిల్మ్ తీయించుకోకుండా అనుమానంతో ఆగిన అభ్యర్థి కంటే ఎక్కువ ప్రమాదంలో ఉంటాడనడం అతిశయోక్తి కాదు.

ఎమ్మారై ఈ లోటును చాలావరకు పూరిస్తుంది. పగులు గీత ఇంకా ఏర్పడకముందే ఎముక పైపొరలో వాపును, మజ్జలో చేరిన నీటిని అది చూపగలదు. అంతకుముందు వాడుకలో ఉన్న, కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థాన్ని ఒంట్లోకి ఎక్కించి తీసే టెక్నీషియం బోన్ స్కాన్ కూడా రెండు మూడు రోజుల్లోనే గాయాన్ని పట్టుకునేది. అయితే ఎముకలో చురుకుదనం ఎక్కడ పెరిగినా, కారణం ఇన్‌ఫెక్షన్ అయినా కణితి అయినా, నల్లచుక్కగా చూపి ఊరుకునేది. అది పేరు చెప్పలేదు, రేడియేషన్ కూడా ఎక్కువ. అమెరికాలో ఫ్రెడరిక్‌సన్ బృందం 1995లో టిబియా గాయాలను ఎమ్మారై ఆధారంగా నాలుగు మెట్లుగా విభజించింది. పైపొర వాపు మొదటి మెట్టు, స్పష్టమైన పగులు గీత నాలుగోది, మధ్య రెండూ మజ్జలో మార్పు తీవ్రతను బట్టి. ఏ మెట్టుకు ఎన్ని వారాల విశ్రాంతి అన్న లెక్క అక్కడి నుంచే వచ్చింది. మొదటి మెట్టుకు రెండు మూడు వారాలు చాలితే, చివరి మెట్టుకు ఆరు వారాల కట్టుతో కలిపి మూడు నెలల వరకు పడుతుంది. ఈ విభజన వల్ల జరిగిన అసలు మేలు మరొకటి. పగిలిందా, పగల్లేదా అన్న రెండు జవాబుల ప్రశ్నను అది పక్కకు నెట్టింది. బరువు మోసి అలసిన ఎముకకూ, గీత పడిన ఎముకకూ మధ్య ఎన్నో దశలున్నాయి, రోగి వాటిలో ఎక్కడో ఒకచోట ఉంటాడు.

ఎమ్మారైకీ ఒక మాయ ఉంది. 2004లో ప్రచురితమైన అధ్యయనంలో ఏ నొప్పీ లేని 21 మంది కాలేజీ దూరపు పరుగు క్రీడాకారులకు టిబియా ఎమ్మారై తీస్తే 43 శాతం మందిలో ఒత్తిడి మార్పులు కనిపించాయి. ఆ తర్వాత ఏడాదిపాటు గమనిస్తే వాళ్లలో ఎవరికీ ఫ్రాక్చర్ రాలేదు. అంటే బాగా పరిగెత్తే ఎముకలో కొంత మార్పు మామూలే. ఇంతకుముందు చెప్పిన తవ్వకం, పూడిక జరుగుతున్నప్పుడు తీసిన ఫొటో అది. నొప్పి ఒకచోట, స్కాన్‌లో మచ్చ మరోచోట ఉన్నప్పుడు రిపోర్టును నమ్మి వైద్యం చేస్తే, పగులు లేని కాలికి నెలల విశ్రాంతి ఇచ్చి, నొప్పికి అసలు కారణాన్ని వదిలేసినట్టవుతుంది. ఎక్స్‌రే ఉన్నదాన్ని చూపక మోసం చేస్తే, ఎమ్మారై పట్టించుకోనక్కర్లేనిదాన్ని కూడా చూపి కంగారుపెడుతుంది. ఏది తప్పిదమో చెప్పాల్సింది రోగి వేలు ఆనించిన చోటు.

తప్పుల్లో అత్యంత భయంకరమైనది మరో వైపు నుంచి వస్తుంది. పదహారేళ్ల కుర్రాడు మోకాలి కింద నొప్పితో వస్తాడు, ఆడుతున్నాడన్న సంగతి ఎవరూ అడగరు, ఎక్స్‌రేలో ఎముక చుట్టూ కొత్త పొర పేరుకుని కనిపిస్తుంది. ఆ వయసులో మోకాలి చుట్టుపక్కల ఎముక క్యాన్సర్ రావడం ఉన్నదే కాబట్టి అనుమానం అటు మళ్లుతుంది. తొందరపడి ముక్క తీసి పరీక్షకు పంపితే, మానుతున్న పగులులో వేగంగా పెరిగే అపరిపక్వ కణాలు సూక్ష్మదర్శిని కింద కూడా కణితిలా భ్రమింపజేయగలవు. ఎమ్మారైలో పగులు గీత కనిపిస్తే, రెండు మూడు వారాల తర్వాత తీసిన ఫిల్మ్‌లో ఆ పొర నునుపుగా గట్టిపడితే ఆ కుటుంబానికి పోయిన ప్రాణం తిరిగి వస్తుంది. దీనికి తలకిందులైన తప్పు కూడా జరగవచ్చు. పరుగుతో సంబంధం లేకుండా రాత్రిళ్లే ఎక్కువగా బాధించి, ఆస్పిరిన్ లాంటి మాత్రకు చప్పున తగ్గే నొప్పి ఆస్టియాయిడ్ ఆస్టియోమా అనే చిన్న నిరపాయకర కణితిది కావచ్చు. దానికి స్ట్రెస్ ఫ్రాక్చర్ పేరు పెట్టి ఏళ్లు గడిపేసే ప్రమాదమూ ఉంది.

ఇన్ని తడబాట్లున్నా చాలా పగుళ్లు ఏదో ఒకలా మానతాయి. నొప్పి భరించలేక మనిషి ఆగుతాడు, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఎముక తన పని తాను చేసుకుంటుంది. టిబియా వెనక లోపలి అంచు, రెండు, మూడు, నాలుగో మెటాటార్సల్ ఎముకలు, టిబియా పక్కనుండే సన్నటి ఎముక ఫిబులా ఈ కోవలోవి. ఆలస్యం క్షమించని చోట్లు వేరే ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది తుంటి దగ్గర తొడ ఎముక మెడ. అక్కడ పగులు వస్తే నొప్పి గజ్జల్లో తెలుస్తుంది, కొందరికి మోకాలిలో తెలుస్తుంది. గజ్జల నొప్పికి కండరం బెణికిందన్న పేరు సిద్ధంగా ఉంటుంది, మోకాలి నొప్పికి మోకాలినే ఎక్స్‌రే తీస్తారు. ఎముక మెడ కింది వైపు పగులు సన్నగా ఉంటే ఊతకర్రలతో, విశ్రాంతితో మానుతుంది. పైవైపున, ప్రతి అడుగుకూ సాగదీతకు గురయ్యే చోట పగులు పడితే మాత్రం స్క్రూలు వేసి బిగించాల్సిందే. అది పక్కకు జరిగిందంటే తొడ ఎముక తలకు రక్తం అందక అది చచ్చుబడే ప్రమాదం ఉంది. ఇరవై రెండేళ్ల మనిషికి తుంటి మార్పిడి గురించి ఆలోచించే పరిస్థితి అలా వస్తుంది. పరుగు తీసేవారి గజ్జల నొప్పిని, బరువు మోపినప్పుడు ఎక్కువవుతుంటే, తుంటి పగులు కాదని తేలేదాకా తుంటి పగులుగానే చూడాలన్న జాగ్రత్త ఎంత చెప్పినా ఎక్కువ కాదు.

రెండో కంతిరి చోటు పాదం పైభాగంలో, చీలమండకు కాస్త ముందుండే నావిక్యులర్ ఎముక. దాని మధ్య భాగానికి రక్తప్రసరణ అంతంత మాత్రం. నొప్పి పాదంలో ఎక్కడో పైపైన, లీలగా ఉంటుంది, వాపు పెద్దగా ఉండదు. నిర్ధారణకు నెలలు పట్టడం దీని విషయంలో సాధారణం. ఎముక పైన మధ్యలో నాణెమంత చోటును బొటనవేలితో నొక్కితే నొప్పి పుట్టడమే దీన్ని పట్టించే గుర్తు, ఆ నొక్కడం తెలియకపోతే ఎక్స్‌రే నార్మల్ అంటూ కథ సాగిపోతుంది. ఆస్ట్రేలియాలో 1992లో ప్రచురితమైన పరిశీలనలో, కనీసం ఆరు వారాలు కట్టు వేసి కాలు కింద మోపకుండా ఉంచితే 86 శాతం పగుళ్లు మానాయి. పరుగు మాని మామూలుగా నడుస్తూ ఉన్నవారిలో మానినవి 26 శాతమే. పేరు సరిగ్గా పడటానికీ పడకపోవడానికీ మధ్య ఉన్న తేడా ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న దూరమంత. టిబియా ముందు అంచు మధ్యలో వచ్చే పగులు, అయిదో మెటాటార్సల్ మొదట్లో వచ్చే పగులు కూడా ఇలా మొండికేసేవే. మడమ ఎముక పగులును ప్లాంటార్ ఫేషియైటిస్‌గా, అంటే అరికాలి పొర నొప్పిగా, వెన్ను అడుగున ఉండే త్రికాస్థి పగులును నడుం నొప్పిగా పొరబడటం తరచూ జరిగేదే. మడమను రెండు పక్కల నుంచి అరచేతుల మధ్య నొక్కితే మొదటి పొరపాటు చాలావరకు తప్పుతుంది.

పగులు ఎక్కడుందో తేల్చడంతో నిర్ధారణ పూర్తయిందనుకోవడం మరో పొరపాటు. శిక్షణలో చెప్పుకోదగ్గ పెంపు లేకుండానే పగులు వస్తే, రెండోసారి వస్తే, రెండు కాళ్లలో వస్తే, ఎముక ఎందుకు ఓడిపోయిందన్న ప్రశ్న అడగాలి. పరుగుకు ఖర్చయ్యే శక్తికి సరిపడా తిండి లేనప్పుడు శరీరం ముందుగా ఆపేసే పనుల్లో ఎముక నిర్మాణం, పునరుత్పత్తి హార్మోన్ల తయారీ రెండూ ఉంటాయి. ఆడవారిలో నెలసరి ఆగిపోవడం దాని బయటి గుర్తు. 1990ల నుంచి వైద్యులు దీన్ని మహిళా క్రీడాకారుల సమస్యగా గుర్తించగా, అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో మగవారినీ కలుపుకునేలా దాని నిర్వచనాన్ని విస్తరించింది. అమెరికాకు చెందిన పరుగు క్రీడాకారిణి మేరీ కెయిన్, బరువు తగ్గాలన్న ఒత్తిడిలో తనకు మూడేళ్లపాటు నెలసరి రాలేదనీ, అయిదు ఎముకలు విరిగాయనీ 2019లో బహిరంగంగా చెప్పింది. మన దగ్గర నెలసరి గురించి మగ డాక్టరు అడగడానికీ, అమ్మాయి చెప్పడానికీ ఉన్న మొహమాటం వల్ల ఈ ఆధారం చీటీ మీదికి ఎక్కకుండానే పోతుంది. పరుగు మొదలుపెట్టాక నెలసరి తప్పితే అలసట అనో, కొన్నిసార్లు అదే మేలనో అనుకునేవాళ్లూ ఉన్నారు.

విటమిన్ డి సంగతి కూడా ఇలాగే పక్కన పడిపోతుంది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ మారథాన్‌లో కాంస్యం గెలిచిన డీనా కాస్టర్, 2008 బీజింగ్ మారథాన్‌లో దాదాపు 5 కిలోమీటర్ల దగ్గరే పాదం ఎముక విరిగి ఆగిపోయింది. ఆ తర్వాత ఆమెకు విటమిన్ డి బాగా తక్కువగా ఉన్నట్టు తేలింది. ఎండకు కొదవలేని దేశంలో ఈ లోపం ఉండదన్న ధీమాను తిరుపతి స్విమ్స్ వైద్యుల పరిశీలనలు చాలాకాలం కిందటే వమ్ము చేశాయి. పట్నవాసుల్లోనూ, పల్లెవాసుల్లోనూ విటమిన్ డి తక్కువగా, ఆహారంలో కాల్షియం తక్కువగా ఉన్నట్టు వాళ్లు చూపారు. అమెరికా నౌకాదళంలో చేరిన అయిదు వేలకు పైగా యువతుల మీద జరిపి 2008లో ప్రచురించిన ప్రయోగంలో రోజూ 2000 మిల్లీగ్రాముల కాల్షియం, 800 యూనిట్ల విటమిన్ డి ఇచ్చినవారిలో స్ట్రెస్ ఫ్రాక్చర్లు 20 శాతం తగ్గాయి. లోపం మరీ తీవ్రమైతే ఎముకలే మెత్తబడి, రెండు వైపులా ఒకే తీరుగా పగుళ్లలాంటి గీతలు పడతాయి. వాటిని పరుగు ఖాతాలో వేసి విశ్రాంతి చెప్పి పంపితే అవి మానవు.

నొప్పి ఉన్న ప్రతి కాలికీ ఎమ్మారై రాయడం మాత్రం దీనికి పరిష్కారం కాదు. వేల రూపాయల ఆ ఖర్చు ఈవెంట్స్‌కు సిద్ధమయ్యే చాలామంది అభ్యర్థుల ఇళ్లలో ఒక నెల సరుకుల ఖర్చు. అందరికీ తీయించినా, ముందు చెప్పుకున్న నొప్పి లేని మచ్చల బెడద ఉండనే ఉంది. గజ్జల నొప్పికి, పాదం పైభాగంలో నాణెమంత చోట నొప్పికి, టిబియా ముందు అంచు నొప్పికి ఆ ఖర్చు పెట్టి తీరాలి, అక్కడ వారం ఆలస్యమూ ఖరీదైనదే. టిబియా లోపలి అంచులోనో, పాదం మధ్యలోనో ఒక్కచోట గుచ్చే నొప్పి ఉండి, గత ఆరు, ఎనిమిది వారాల్లో పరుగు దూరమో, వేగమో, నేలో, బూట్లో మారినట్టు రోగి చెబితే, స్కాన్ లేకుండానే పగులుగా భావించి ఆపేయడం సమంజసం. ఆ ప్రశ్న అడగడానికి పరికరం అక్కర్లేదు. పరుగు లేకుండా నడక వరకే పరిమితం చేసి, నడకలోనూ నొప్పి ఉంటే ఊతకర్ర ఇచ్చి, నొప్పి మాత్రలతో దాన్ని కప్పిపుచ్చకుండా, రెండు మూడు వారాల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. మొదటి ఫిల్మ్‌ను, రెండో ఫిల్మ్‌ను లైట్‌బాక్సు మీద పక్కపక్కన పెడితే, మొదటిదాంట్లో నున్నగా ఉన్న ఎముక అంచు మీద రెండోదాంట్లో దూదిపింజ అంటుకున్నట్టు మసక తెలుపు ఒకటి కనిపిస్తుంది. పగులుకు రుజువు చేతికి వచ్చేనాటికి అది మానడం మొదలై కొన్ని వారాలవుతుంది, ఆపిన పరుగును ఎప్పుడు తిరిగి మొదలుపెట్టాలన్న లెక్క ఆ రోజు నుంచి కాకుండా నొప్పి పూర్తిగా పోయిన రోజు నుంచి వేస్తారు.